మేనమామ పోలిక

మన యిండ్లలో మగబిడ్డ పుట్టగనే పురిటిగదిలోని ముసలమ్మలు మొదట వెదకునది మేనమామ పోలిక. ముక్కు మామది, నవ్వు మామది, మొండితనము సయితము మామదే యని మురిసిపోవుదురు. తల్లివైపు పోలిక వచ్చిన మగబిడ్డ యదృష్టవంతుడని మనవారి నమ్మకము. కాని యొక్కొక యింట నీ మాట నెవరును పలుకరు. ఆ తల్లికి తమ్ముడొక డుండెను. పండ్రెండవ యేట కాళ్ళు చచ్చి, పందొమ్మిదవ యేట మరణించెను. వాని పటము గోడమీద నుండదు. వాని పేరు పిల్లలకు తెలియదు. ఇప్పుడు మనుమడు నాలుగేండ్ల వాడయ్యెను. మెట్లెక్కుటకు గోడ పట్టుకొనును. నేలనుండి లేవవలసినపుడు మోకాళ్ళమీద చేతులాన్చి, తన దేహమునే నిచ్చెనగా జేసికొని ప్రాకుచు లేచును. ఇంటిల్లపాదియు వాని వింతచేష్టకు నవ్వుదురు. అమ్మమ్మ యొక్కతెయే యా పోలికను గుర్తించును. గుర్తించి, నోటికి కొంగడ్డము పెట్టుకొని లోపలికి బోవును.

ఆ కొంగుచాటు మౌనముమీదనే మా ఫిర్యాదు. వ్యాధి వచ్చుట మన చేతిలో లేదు. దానిని దాచుట, దానికి లేనిపోని కారణములు కల్పించుట, దాని నెపమున నొక స్త్రీని జీవితాంతము దోషిగా నిలబెట్టుట, ఈ మూడును మన చేతిలోని పనులు. వీనిని మనము నిత్యమును జేయుచున్నాము. చదువుకొన్న యిండ్లలోను జేయుచున్నాము.

మొదట వ్యాధి యెట్టిదో తెలిసికొందము. వైద్యులు మస్క్యులర్ డిస్ట్రోఫీ యనెడి దానిని తెలుగున కండరక్షీణత యనవచ్చును. ఇది యొకటే వ్యాధి గాదు. కండరములు క్రమముగ శిథిలమగు ననేక వంశవ్యాధుల సమూహము. వానిలో బాలురను బట్టునది, అందఱకంటె నెక్కువగ నెఱిగినది, డుషేన్ కండరక్షీణత. పుట్టిన మగశిశువులలో సుమారు 3,500 మొదలు 5,000 మందికొక్కనికి వచ్చును. బిడ్డ పుట్టినపు డేమియు గనబడదు. నడక యాలస్యమగును. పరుగు రాదు. ఊగుచు నడచును, తఱచుగ పడును. పిక్కలు మాత్రము బలిసి యుండును. వానిని జూచి తండ్రి, 'నా కొడుకు వస్తా' దని స్నేహితులతో జెప్పుకొనును. ఆ పిక్కలలో బలము లేదు. నశించిన కండర మున్న చోట క్రొవ్వును, నారయు జేరినందున వచ్చిన వాపది. సాధారణముగ పండ్రెండేండ్లలోపుననో, ఆ ప్రాంతముననో నడక పోవును. పిమ్మట చేతులు, వెన్ను, ఊపిరి తీయు కండరములు, తుదకు గుండె బలహీనమగును. పూర్వమీ బాలురు ఇరువది యేండ్లు దాటుట యరుదు. తగిన చికిత్సయు, ఊపిరికి యంత్రసాహాయ్యమును లభించుచోట్ల నేడనేకులు ముప్పదియేండ్లు దాటి జీవించుచున్నారు.

ఇది క్రొత్తగా గనుగొన్న సంగతియు గాదు. లండనులో ఎడ్వర్డ్ మెరియన్ అను వైద్యుడు 1852లోనే యీ వ్యాధిని వర్ణించి, ఇది నరములలోని దోషము గాదనియు, కండరతంతువులే చెడుచున్నవనియు, ఒక్కొక కుటుంబమున మగపిల్లలనే పట్టుచున్నదనియు వ్రాసెను. ఫ్రాన్సు దేశపు డుషేన్ 1868లో దీనిని సవిస్తరముగ వర్ణించెను. అందుచే నాతని పేరు దీనికి నిలిచెను. ఇంగ్లండులో గోవర్స్ 1879లో, బిడ్డ తన కాళ్ళమీద తానే ప్రాకుచు లేచు తీరును వర్ణించి, వ్యాధి తల్లుల పక్షమునుండి వచ్చుచున్నదని గుర్తించెను. నేటికిని వైద్యులా లక్షణమును గోవర్స్ పేరనే పిలుచుచున్నారు. అనగా వైద్యులు గుర్తించినది మన యమ్మమ్మలును గుర్తించిరి. భేద మొక్కటియే: వారు గుర్తించి వ్రాసిరి, మనవారు గుర్తించి దాచిరి.

కారణము నిశ్చయముగ దెలిసినది 1986, 1987 సంవత్సరములలో. అమెరికాలోని బోస్టను నగరమున లూయీ కుంకెల్ అను శాస్త్రజ్ఞుని బృందము ఈ వ్యాధికి మూలమైన జన్యువును పట్టుకొని, దానివలన తయారగు మాంసకృత్తునకు డిస్ట్రోఫిన్ అని పేరిడెను. మానవదేహమున దెలిసిన జన్యువులన్నిటిలో నిదియే మిక్కిలి పొడవైనది. ఇరువదిలక్షలకు పైబడిన యక్షరములు గలది. పాక కప్పునకు వాసములను దూలముతో బంధించు త్రాళ్ళవంటిది డిస్ట్రోఫిన్. త్రాళ్ళున్నంతవఱకు గాలి వీచినను కప్పు కదలదు. త్రాళ్ళు లేకున్న ప్రతి గాలికిని వాసములు సడలును. అట్లే డిస్ట్రోఫిన్ లేని కండరము బిగిసి సడలినప్పుడెల్ల దాని పొర చిరుగుచుండును. బిడ్డ నడచుటయే, ఆడుకొనుటయే వాని కండరములకు గాయము. బాల్యమున దేహము మరమ్మతు చేసికొనుచుండును; కొంతకాలమునకు మరమ్మతు వెనుకబడి, శిథిలత ముందునకు బోవును.

ఈ జన్యువు ఎక్స్ అను క్రోమోజోముమీద నున్నది. స్త్రీకి ఎక్స్ క్రోమోజోములు రెండు. పురుషునకు ఎక్స్ ఒకటి, వై ఒకటి. స్త్రీకి రెండింటిలో నొకదానిమీది జన్యువు చెడినను రెండవది కాపాడును. ఆమె సాధారణముగ నారోగ్యవతియే యైనను దోషమును మోయుచుండును. పురుషునకు రెండవ ప్రతి లేదు; చెడినదే వచ్చిన, వ్యాధి తప్పదు. కావున దోషవాహకురాలైన తల్లికి బుట్టు ప్రతి కుమారునకు వ్యాధి వచ్చుటకు సగము పాలు, ప్రతి కుమార్తెయు దల్లివలెనే వాహకురాలగుటకు సగము పాలు సంభావ్యత గలదు. ఇది ప్రతి కాన్పునకును వేఱువేఱుగ వర్తించు లెక్క. మొదటి బిడ్డకు వచ్చెను గాన రెండవ బిడ్డకు రాదని ధైర్యము చెప్పువారును, మొదటి వానికి రాలేదు గాన యిక భయము లేదనువారును లెక్క తెలియక మాటలాడుచున్నారు.

ఇక మన వాదమునకు వత్తము.

ఈ సంగతి చదివి కొందఱు, 'చూచితిరా, తల్లివలననే వచ్చినదని శాస్త్రము గూడ జెప్పుచున్నది' అని సంతోషింతురని మే మెఱుగుదుము. పూర్వము నాగదోషమనియు, పూర్వజన్మపాపమనియు నిందించిన నోటనే యిప్పుడు జన్యువను క్రొత్తమాటతో నిందింప నారంభించిరి. నిందించు నలవాటు మాఱలేదు. దానికి ఇంగ్లీషు చొక్కా తొడిగిరి. వారినొక్క ప్రశ్న యడుగుదుము. బిడ్డను మగవానిని జేసినది తండ్రి యిచ్చిన వై క్రోమోజోము. తండ్రి దానికి బదులు ఎక్స్ ఇచ్చియుండిన, ఆడబిడ్డ పుట్టి, యీ వ్యాధినుండి చాలవఱకు తప్పించుకొనియుండెడిది. అట్లని తండ్రిని దోషి యందమా? అనము, అనుట యవివేకము. తండ్రి యెఱిగి చేసిన పని గాదు, కోరి చేసిన పని గాదు. తల్లి విషయమునను నంతే. తాను జూడని, తాను ఎంచుకొనని, తనకును తన తల్లినుండియో తండ్రినుండియో వచ్చిన యొక యక్షరదోషమునకు ఆమె యెట్లు బాధ్యురాలగును?

అదియుగాక, ఈ వ్యాధి గల బాలురలో సుమారు మూడింట నొకవంతు మందికి దోషము తల్లినుండి రాలేదు. అది యా బిడ్డయందే క్రొత్తగా బుట్టినది. అట్టి బిడ్డ తల్లి వాహకురాలే కాదు. అయినను ఆమెను పుట్టినింటికి బంపినవారు, మఱదలి పెండ్లికి పిలువనివారు, కొడుకునకు రెండవ పెండ్లి తలపెట్టినవారు లేకపోలేదు. పరీక్ష లేదు, విచారణ లేదు. శిక్ష మాత్రము సిద్ధము. న్యాయస్థానములలో దొంగకు గూడ లభించు మర్యాద మన యింటి కోడలికి లభింపదు.

ఇంతవఱకు మూఢాచారులను గూర్చి చెప్పితిమి. ఇప్పుడు మనవారిని, అనగా సంస్కారులమని చెప్పుకొనువారిని గూర్చియు జెప్పవలయును. బలహీనుడైన బిడ్డను జూచిన వెంటనే వీరడుగు మొదటి ప్రశ్న, 'మీది మేనరికమా?' కాదన్న నాశ్చర్యపడుదురు. ఔనన్న తల పంకించి, 'అందుకే' యని తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు డుషేన్ వ్యాధి విషయమున శుద్ధముగ దప్పు. బిడ్డకు జన్యువు తల్లినుండి మాత్రమే వచ్చుచుండగా, తండ్రి ఆమె మేనబావ యైన నేమి, ముక్కుమొగ మెఱుగని దూరదేశస్థుడైన నేమి? మేనరికము చేసికొనని యింటను ఈ వ్యాధి యంతే వచ్చును. 'మేము బయటి సంబంధమే చేసికొంటిమి, మాకు భయము లేదు' అని పడుచున్న కొడుకును జూచియు నిర్లక్ష్యము చేయు తండ్రులకు ఈ సగము తెలివియే శత్రువైనది.

అయితే మేనరికమును మేము సమర్థించుచున్నామా? లేదు. కండరక్షీణతలలో తుంటికండరములను, భుజకండరములను బట్టు లింబ్ గర్డిల్ జాతివి కొన్ని గలవు. అందు బహువిధములు, తల్లిదండ్రు లిరువురును చెడిన ప్రతి నొక్కొకటి మోయుచున్నపుడే బిడ్డకు వచ్చును. బాలికలకును బాలురకును సమానముగ వచ్చును. ఒకే తాతనుండి వచ్చిన యిరువురు పెండ్లాడిన, ఒకే దోషము ఇరువురియందు నుండు సంభావ్యత హెచ్చును. మేనమామకో మేనబావకో పిల్లనిచ్చు నాచార మింకను నిలిచియున్న మన తెలుగునాట నీ సంగతి ప్రతి యింటను దెలియవలసినదే. కావున మేనరికమును వలదనుటకు తగిన కారణ మున్నది. ఉన్న కారణమును విడిచి లేని కారణము చెప్పిన, వినువాడు రేపు నిజము దెలిసికొని, మనము చెప్పిన మంచిమాటను గూడ నమ్మడు. సంస్కారమునకు అసత్యము ఊతగఱ్ఱ కారాదు.

మూడవది, బజారు. ఇల్లు కాలి యొకడేడ్చుచుండ చుట్టకు నిప్పడిగిన వాని సామెత మన మెఱుగుదుము. ఈ తల్లిదండ్రుల చుట్టు నట్టివారు గుంపులుగ మూగుదురు. ఒకడు రక్ష కట్టును, ఒకడు భస్మ మిచ్చును, ఒకడు నూనెతో తోమించును, ఒకడు బలమునకు టానిక్కు వ్రాయును. వీరందఱకంటె ప్రమాదకారి తెల్లకోటు తొడిగి మూలకణముల సూది యమ్మువాడు. మన దేశమున 2017లో వెలువడిన జాతీయ మార్గదర్శకములు, రక్తసంబంధమైన కొన్ని వ్యాధులకు దక్క మూలకణచికిత్స ధ్రువపడలేదనియు, తక్కినచోట్ల అనుమతి గల పరిశోధనలలో మాత్రమే చేయవలయుననియు స్పష్టముగ జెప్పినవి. అయినను పొలమమ్మి యా సూదులు వేయించినవారి కథలు మనకు గ్రొత్త గావు. వారి యాశను మేము పరిహసింపము. బిడ్డ కన్నులయెదుట క్షీణించుచుండ పొలము నిలుపుకొను తల్లిదండ్రులుందురా? మా కోపము ఆశకు ధర కట్టినవానిమీద.

బజారులో మోసపోవుట కొకటి, తెలియక ఆలస్యము చేయుట కొకటి. ఈ బాలురకు రక్తపరీక్ష చేసిన, కాలేయమునకు జెందినవని పేరుపడిన కొన్ని ఎంజైములు హెచ్చుగ గనబడును. అవి నిజమునకు చెడుచున్న కండరమునుండి వచ్చినవి. ఈ సంగతి తలపునకు రాక కాలేయవ్యాధియని నెలలకొలది మందులిచ్చుట కలదు. పదునెనిమిది నెలలు నిండినను నడువని మగబిడ్డకు, మెట్లెక్కలేక నేలనుండి లేవలేక బాధపడు బిడ్డకు క్రియాటిన్ కైనేజ్ అను నొక్క రక్తపరీక్ష చేయింపుమని వైద్యుని మన మడుగవలయును. అది స్వల్పవ్యయముతో నగునది. ఈ వ్యాధియందు దాని కొలత సాధారణముకంటె పదుల రెట్లు, ఒకప్పుడు నూఱురెట్లు నుండును. పిమ్మట జన్యుపరీక్ష నిజమును స్థిరపఱచును. మన హైదరాబాదునందు డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగు కేంద్రమును, నిజాం వైద్యవిజ్ఞాన సంస్థయు గూడి అరుదైన వ్యాధుల జాతీయవిధానము క్రింద విశిష్టకేంద్రముగ నున్నవి. అడుగవలసిన చోటు దూరమున లేదు.

'నయము గాని వ్యాధికి పరీక్ష లెందుకు?' అని కొందఱందురు. నయము చేయుట వేఱు, మేలు చేయుట వేఱు. ప్రెడ్నిసోన్ అను మందు ఈ బాలుర కండరబలమును కొంతకాలము నిలుపునని 1989లో ప్రకటితమైన పరీక్షలు చూపినవి. నేటికిని ఆ జాతి మందులే చికిత్సకు పునాది. అవి నడకను కొన్ని యేండ్లు పొడిగించును. వానికి దోషములు గలవు. వైద్యుని యాజ్ఞ లేక హఠాత్తుగ మానుట ప్రాణాపాయము. గుండెను ఏటేట పరీక్షించిన, మందులతో దాని క్షీణతను వెనుకకు నెట్టవచ్చును. రాత్రులందు ఊపిరికి యంత్రసాహాయ్య మిచ్చిన ఆయుర్దాయము పెరుగును. మత్తుమందిచ్చువైద్యునకు ఈ వ్యాధి గలదని ముందుగ జెప్పవలయును. సక్సినైల్‌కోలిన్ అను మందు ఈ బిడ్డలకు గుండె నాగజేయగలదు. ఇంత తెలిసికొనుటకును మూలము పేరు తెలియుటయే. క్రొత్త చికిత్సలును వచ్చుచున్నవి. జన్యువులోని చెడిన భాగమును దాటించి చదివించు మందుకు 2016లోను, జన్యుచికిత్సకు 2023లోను అమెరికాలో అనుమతు లిచ్చిరి. అవి యందఱికి బనికిరావు. ధర కోట్లలో నున్నది. జన్యుచికిత్స పొందిన పిమ్మట కాలేయము చెడి ఇద్దఱు రోగులు 2025లో మరణించిరి. కావున ఆశను విడువకుడు. ఆశను కొలిచి పట్టుకొనుడు.

ఇంక మిక్కిలి కఠినమైన విషయము. వ్యాధి గల బాలునకు అక్కయో చెల్లెలో యుండును. ఆమెయు వాహకురాలు కావచ్చును. ఆమె పెండ్లీడునకు వచ్చినది. చూపులకు వత్తురన్న దినమున, చక్రాల కుర్చీతో గూడ తమ్ముని ప్రక్కింటికి బంపుదురు. మేమీ దృశ్యము నెఱుగుదుము. ఆ బాలునకు పదునైదేండ్లు, తెలివికి లోటు లేదు; తన నెందుకు బంపుచున్నారో వానికి సంపూర్ణముగ దెలియును. ప్రక్కింటి వసారాలో గూర్చుండి, తన యింట నవ్వుల చప్పుడు వినును. పెండ్లి కుదురును. రెండేండ్లకు అక్కకు మగబిడ్డ. మేనమామ పోలిక.

'నిజము చెప్పిన ఆడపిల్లకు పెండ్లి యగునా?' అని తల్లి యడుగును. ఈ ప్రశ్నను తేలికగ ద్రోసివేయుట మా యుద్దేశము గాదు. పత్రికలో వ్రాయువానికి కన్నబిడ్డను గుమ్మము దాటించవలసిన తొందర లేదు. కాని యా తల్లికి మా ప్రత్యుత్తర మిది. మీరు దాచినది వరునివారినుండి యని మీరనుకొనుచున్నారు; దాచినది మీ కూతురినుండి. తాను వాహకురాలౌనో కాదో పరీక్ష చేసికొనియుండిన, సగము సంభావ్యతతో ఆమె నిర్భయముగ నుండెడిది. వాహకురాలే యని తేలినను ఆమెకు మార్గములుండెడివి: గర్భమున తొలిమాసములలోనే జన్యుపరీక్ష, బీజమును ముందే పరీక్షించి గర్భమున నిలుపు పద్ధతి, బిడ్డను దత్తత చేసికొనుట, లేక తెలిసియే బిడ్డను గని తొలినాటినుండి తగినట్లు పెంచుట. ఏది యెంచుకొనునో ఆమె యిష్టము. లింగనిర్ణయమును నిషేధించిన 1994 నాటి చట్టముగూడ లింగసంబంధమైన వంశవ్యాధులను గనుగొనుటకు జన్యుపరీక్షల ననుమతించినది. వాహకురాలైన స్త్రీల గుండెయు గొందఱికి బలహీనపడును గాన, ఆమె యారోగ్యమునకును ఆ జ్ఞాన మవసరము. ఇన్ని మార్గములను మీరొక్క మౌనముతో మూసివేసితిరి.

అట్లని పసిపిల్లలను బట్టి పరీక్షింపుమని మేము చెప్పము. పెద్దదై, తెలిసికొనగోరినపుడు ఆమెయే నిర్ణయింపవలయును. తెలిసికొనిన ఫలమును ఎవరికి జెప్పవలయునో నిర్ణయించు హక్కును ఆమెదే. ఇంటిపెద్దలది గాదు, పెండ్లిండ్ల పేరయ్యది గాదు.

వరునివారితో నొక మాట. మీ వంశము నిర్దోషమని మీరెట్లు తెలిసికొంటిరి? చెడిన జన్యువులు కొన్నియైనను లేని మనుజుడు లేడు. ప్రతివాడును తనకు దెలియకయే కొన్నిటిని మోయుచున్నాడు. మీవి బయటపడలేదు, వారిది బయటపడినది. భేద మంతియే. నిజము చెప్పిన పిల్లను తిరుగగొట్టి, దాచిన పిల్లను కోడలిగ దెచ్చుకొను సమాజము అసత్యమునకు కట్నమిచ్చుచున్నది. ఆడపిల్ల తల్లి యేల దాచెనని మేమడుగుటకు ముందు, చెప్పిన తల్లికి మీరేమి బహుమాన మిచ్చితిరో చెప్పుడు.

ఈ జ్ఞానమును కత్తిగ జేసికొనువారును గలరని మఱువరాదు. వంశశుద్ధి యను పేర 1933లో జర్మనీ దేశము వంశవ్యాధులున్నవారిని బలవంతముగ వంధ్యులను జేయు శాసనము చేసెను. అది యెచటికి దారితీసెనో లోకమెఱుగును. ఆ కాలమున మన దేశపు సంస్కారులలో గూడ వంశశుద్ధివాదమును మెచ్చినవారుండిరి. మేమా త్రోవ ద్రొక్కము. మా కోరిక యొక్కటియే: జన్యువులను గూర్చిన జ్ఞానము బాధితుని చేతిలో దీపముగ నుండవలయును, ఇరుగుపొరుగువారి చేతిలో కొరడాగ నుండరాదు.

తుదకు బాలుని మాట. వానికి వ్యాధి వచ్చినది కండరములకు, మనసునకు గాదు. కొందఱకు చదువునందు కొంచెము సాయము వలసినను, వారును మాటలాడుదురు, జోకులు వేయుదురు, చదరంగ మాడుదురు, మనము చెప్పు నబద్ధములను కనిపెట్టుదురు. అయినను, 'వీనికి చదువెందుకు, ఎన్నాళ్ళుండునో' అని బడి మాన్పించు తండ్రులను, తరగతి పైయంతస్తున నున్నదని చేర్చుకొనని ఉపాధ్యాయులను మేము చూచుచున్నాము. ఎన్నాళ్ళుండునో తెలియనిది మనలో నెవరికి? వికలాంగుల హక్కుల చట్టము 2016లో కండరక్షీణతను స్పష్టముగ బేర్కొని, నిర్ణీతప్రమాణమున వైకల్యము గల బిడ్డలకు ఆఱవయేటినుండి పదునెనిమిదవ యేటివఱకు ఉచితవిద్యాహక్కు నిచ్చెను. ఉన్నతవిద్యలోను, సర్కారు కొలువులలోను భాగము నియమించెను. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2024లో తీవ్రమైన కండరక్షీణతచే మంచముననో కుర్చీలోనో నున్నవారి పింఛనును నెలకు 15,000 రూపాయలకు బెంచెను. చట్టము వ్రాసినంత మాత్రమున మెట్లమీద పలక వాలదు. తరగతిని క్రిందియంతస్తునకు మార్చుటకు శాసనసభ కూడనక్కఱలేదు. ప్రధానోపాధ్యాయుని యొక్కమాట చాలును. దానికై అడుగవలసినవారము మనము. ఆ బిడ్డ తల్లి యడిగి యడిగి యలసినది. ముప్పదియైదు కిలోల కొడుకును నడుమున మోసి మెట్లెక్కించిన తల్లి వెన్ను చూచినవారెవరును ఆమెను పాపాత్మురాలనలేరు.

చదువరులారా, మా వాదమును సంగ్రహింతుము. వ్యాధికి పేరు పెట్టుడు. తల్లిని విడువుడు. మేనరికమును తగిన కారణముతో మానుడు. తగనికారణముతో నెవరిని నిందింపకుడు. సూది యమ్మువానిని గుమ్మమునుండియే పంపుడు. కూతురికి నిజము చెప్పుడు. కొడుకును బడికి బంపుడు. ఇందొక్కటియు ధనవంతులే చేయదగినది గాదు. ఒక్కటియు నింకొక తరమునకు వాయిదా వేయదగినది గాదు.

మొదట చెప్పిన యమ్మమ్మను మేము మఱువలేదు. ఆమె దాచుట దుర్మార్గమున గాదు. తన కాలమున చెప్పుకొన్నవారి కేమయ్యెనో ఆమె కన్నులార చూచినది. ఆమె కిప్పుడైనను భయములేని యింటిని మనము చూపవలయును. పెట్టె యడుగున నున్న కొడుకు పటమును ఆమె తీసి, తుడిచి, గోడకు దగిలించి, 'వీడు మీ మామ. వీనికి నడక లేదు గాని పద్యములు బాగుగ జదివెడివాడు. నీకు వచ్చిన జబ్బే వానికి వచ్చినది. ఆ దినములలో మాకేమియు దెలియదు, ఇప్పుడు కొంత తెలియును' అని మనుమని ప్రక్కన గూర్చుండి చెప్పగలిగిన నాడు మేనమామ పోలిక యనుమాట ఆ యింటను మరల ధైర్యముగ బలుకవచ్చును. విజ్ఞులు విచారింతురు గాక.